తాకిన అణువు, కుదురుకున్న అణువు

ముత్తుకూరు దాటి కృష్ణపట్నం వైపు వెళ్తుంటే చాలా దూరం రొయ్యల చెరువులే. ఏరేటర్లు నీళ్లు చిమ్మే చప్పుడు, ఉప్పుగాలి, గట్టు మీద మేత బస్తాలు. పట్టుబడి రోజున వల దగ్గరకి లాగుతుంటే వనామీ రొయ్య తోక విదిలించి వెనక్కి ఎగిరిపడుతుంది. రెప్పపాటులో జరిగిపోయే ఆ ఎగురుడుకి కావలసిన శక్తి ఊపిరి తీసి ఆక్సిజన్ అందుకునేంత తీరికగా రాదు. అది కండలో ముందే దాచి ఉన్న ఫాస్ఫోఅర్జినిన్ అనే అణువు నుంచి వస్తుంది. మన కండలో ఫాస్ఫోక్రియాటిన్ చేసే పనే రొయ్య కండలో ఇది చేస్తుంది. వెన్నెముక లేని జీవుల కండలో దీన్ని మేయర్‌హాఫ్, లోమన్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు 1928లోనే గుర్తించారు. ఫాస్ఫోఅర్జినిన్ మోస్తున్న భాస్వరపు గుంపును ఏడీపీకి అందించి, కణాలకు శక్తినిచ్చే ఏటీపీని తయారుచేసే ఎంజైమ్ పేరు ఆర్జినిన్ కైనేజ్. రొయ్యలు పడనివాళ్ల ఒంటి మీద దద్దుర్లు లేపే ప్రోటీన్లలో ఇది కూడా ఒకటి.

ఆ ఎంజైమ్ తన అణువులను పట్టుకుని ఉండగానే, వాటిని విడదీయకుండా, అందులోని భాస్వరం ఏ స్థితిలో ఉందో చూసిన తొలి పరిశోధనల్లో ఒకటి 1976లో వెలువడింది. వాడింది రొయ్యకు దాయాది అయిన లాబ్‌స్టర్ కండ. చూసిన పద్ధతి కేంద్రక అయస్కాంత అనునాదం, అంటే ఎన్‌ఎంఆర్. ఆ పత్రం మీద మొదటి పేరు బి.డి. నాగేశ్వరరావు.

ఒక అణువు ఇంకో అణువును తాకిందని మనకెలా తెలుస్తుంది? ఈ వ్యాసం పట్టుకున్నది ఈ ఒక్క ప్రశ్ననే. మందు రోగకారక ప్రోటీన్‌ను తాకాలి, ఎంజైమ్ తన ఆహారాన్ని తాకాలి, నీరు ఉప్పును తాకాలి. జీవమంతా ఈ తాకిళ్ల మీదే నడుస్తోంది. వాటిలో ఎక్కువ భాగం బలమైన బంధాలు కావు. పట్టి, వదిలి, మళ్లీ పట్టేవి, సెకనులో వెయ్యో వంతు కూడా నిలవనివి. స్ఫటికం చేసి ఎక్స్-కిరణాలతో చూద్దామంటే ఇలాంటివి చాలావరకు స్ఫటికంలోకే రావు. వీటిని ద్రావణంలో ఉన్నవి ఉన్నట్టుగా చూపడంలో ఎన్‌ఎంఆర్‌కు దీటైన పద్ధతి నాకు కనిపించలేదు. అయితే ఇంత బలహీనమైన తాకిడినీ పట్టేసే సాధనం ఉత్తుత్తి తాకిడిని కూడా పట్టేస్తుంది. డెబ్భై ఏళ్లు దాటిన ఈ శాస్త్రాన్ని తిరగేస్తే నాకు ముఖ్యంగా తోచింది ఇదే: తాకడం వేరు, కుదురుకోవడం వేరు, పని జరగడం మరీ వేరు.

పరికరం గురించి అవసరమైనంత మేరకు చెప్పి ముందుకు వెళ్తాను. హైడ్రోజన్, భాస్వరం వంటి కొన్ని కేంద్రకాలు చిన్న అయస్కాంతాల్లా ప్రవర్తిస్తాయి. బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచితే, వాలిన బొంగరం తల తిప్పినట్టు, ఒక నిర్దిష్ట వేగంతో తిరుగుతాయి. ఆ వేగానికి సరిపోయే రేడియో తరంగం తగిలితే స్పందిస్తాయి. 1946లో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ వేరువేరు బృందాలుగా దీన్ని ఘన, ద్రవ పదార్థాల్లో చూపించారు. 1952 నోబెల్ వారిద్దరికీ వచ్చింది. కేంద్రకం చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు బయటి క్షేత్రాన్ని కొంచెం అడ్డుకుంటాయి. అందుకని ఒకే అణువులోని వేరువేరు హైడ్రోజన్లు కొద్దిగా తేడా గల పౌనఃపున్యాల దగ్గర గ్రాఫు మీద శిఖరాలు, అంటే పీకులు, ఇస్తాయి. ఆ తేడానే కెమికల్ షిఫ్ట్ అంటారు. దాన్ని పది లక్షల్లో వంతులుగా, పీపీఎంలో కొలుస్తారు.

1951లో స్టాన్‌ఫర్డ్ నుంచి ఒక చిన్న పత్రం వచ్చింది. సారాలోని మూడు రకాల హైడ్రోజన్లు మూడు పీకులుగా విడివిడిగా కనిపించాయని అందులో చూపించారు. రాసిన ముగ్గురిలో ఒకరు మన దేశం నుంచి వెళ్లిన ఎస్.ఎస్. ధర్మట్టి. తరువాత ఆయనే బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఎన్‌ఎంఆర్ పరిశోధనకు పునాది వేశారు. రసాయన శాస్త్రం చదివినవాళ్లందరికీ ఆ మూడు పీకుల బొమ్మ గుర్తుంటుంది. దాని పక్కనే జరిగిన ఇంకో సంగతి గుర్తున్నవాళ్లు తక్కువ. అదే ఏడాది మిగతా ఇద్దరు, ఆర్నాల్డ్, ప్యాకార్డ్, ఉష్ణోగ్రత మారుస్తూ చూస్తే, ఓహెచ్ హైడ్రోజన్ పీకు ఒక్కటే చోటు మారుతోంది, మిగతా రెండూ కదలడం లేదు. సారా అణువులు ఒకదాని ఓహెచ్‌ను ఇంకొకటి పట్టుకుని హైడ్రోజన్ బంధాలతో గుంపులు కడతాయి. వేడెక్కితే ఆ పట్లు సడలుతాయి. సారాను కార్బన్ టెట్రాక్లోరైడ్‌లో బాగా పలచన చేసినా అంతే, ఏ అణువుకా అణువు ఒంటరిదై ఓహెచ్ పీకు చాలా దూరం జరిగిపోతుంది. అణువుల మధ్య పరస్పర చర్యను ఎన్‌ఎంఆర్ పట్టుకున్న తొలి సందర్భాల్లో ఇదొకటి. కెమికల్ షిఫ్ట్ అంటే ఏమిటో సరిగ్గా తేలకముందే అది ఇరుగుపొరుగు గురించి చెప్పడం మొదలుపెట్టిందన్నమాట.

ఈ పద్ధతిని హైదరాబాదు తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో ఎంతో నేర్పుగా వాడారు. జి.వి.ఎం. శర్మ బృందం చక్కెర అణువుల నుంచి కొత్త రకం అమైనో ఆమ్లాలు తయారుచేసి పెప్టైడ్లుగా కూర్చింది. అవి ప్రకృతిలో లేని తీరులో మెలిక తిరుగుతున్నాయని ఎ.సి. కున్వర్ ఎన్‌ఎంఆర్‌తో తేల్చారు. ఆ పని 2003లో అచ్చయింది. అందులో ఒక పరీక్ష ఎవరికైనా అర్థమయ్యేంత సూటిగా ఉంటుంది. పెప్టైడ్‌ను క్లోరోఫాంలో కరిగించి, చుక్కచుక్కగా ఇంకో ద్రావకం, డీఎంఎస్‌ఓ కలుపుతారు. డీఎంఎస్‌ఓకి ఎన్‌హెచ్ హైడ్రోజన్లంటే మహా ఆశ, ఖాళీగా ఉన్నదాన్నల్లా పట్టుకుంటుంది. ఖాళీగా ఉన్న ఎన్‌హెచ్ పీకు ఒక పీపీఎం దాటి కూడా జరుగుతుంది. అప్పటికే లోపల హైడ్రోజన్ బంధంలో ఉన్న ఎన్‌హెచ్ పీకు దాదాపు చోటు వదలదు. ఎవరు ముందే జత కట్టారో, ఎవరు కట్టలేదో ఇలా తేలిపోతుంది.

ఇక తాకి వదిలే అణువుల లెక్క. కృష్ణపట్నంలో ఒక ఇల్లు, నెల్లూరులో ఒక ఇల్లు ఉన్న మనిషిని ఊహించుకోండి. ఏడాదికోసారి మకాం మార్చే మనిషైతే జనాభా లెక్కల్లో అక్కడా ఇక్కడా విడివిడిగా కనిపిస్తాడు. క్షణం ఆగకుండా అటూ ఇటూ తిరిగేవాడైతే, నిదానంగా తీసిన ఫోటోలో రెండూళ్ల మధ్య దారిలో ఎక్కడో ఒక్క మసక ఆకారంగా పడతాడు. ఎక్కువసేపు గడిపే ఊరి వైపు ఆ ఆకారం జరిగి ఉంటుంది. అణువులూ అంతే. ప్రోటీన్‌ను గట్టిగా పట్టి మెల్లగా వదిలే అణువుకు రెండు పీకులు వస్తాయి, ఒంటరిగా ఉన్నప్పుడొకటి, పట్టుకుని ఉన్నప్పుడొకటి. త్వరత్వరగా పట్టి వదిలేదానికి మధ్యలో ఒకే పీకు. ప్రోటీన్ పాళ్లు మారుస్తూ ఆ పీకు ఎంతెంత జరుగుతోందో గీస్తే, ఆ పట్టు ఎంత బలమైనదో లెక్క కట్టవచ్చు. రెంటికీ నడిమి వేగమైతే పీకు వెడల్పై, ఒక్కోసారి కనిపించకుండానే పోతుంది. కొత్తగా చేరిన విద్యార్థి పీకు పోయిందని దిగులుపడతాడు. అనుభవం ఉన్నవాడు అక్కడే ఏదో జరుగుతోందని ఆగి చూస్తాడు.

తెలుగువాళ్లకు ఇందులో ఒక ప్రత్యేకమైన దారి ఉంది. అది భాస్వరం దారి, భీమవరం నుంచి మొదలవుతుంది.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. మాలిబ్డేట్‌తో నీలిరంగు తెప్పించి, ఆ రంగు చిక్కదనాన్ని బట్టి లెక్క కట్టే ఆ పద్ధతి నేటికీ ఫిస్క్–సుబ్బారావు పేరుతోనే ఉంది. కండ సారంతో ఆ పరీక్ష చేస్తుంటే రంగు రావలసినంత చురుగ్గా రావడం లేదు. ఆ ఆలస్యాన్ని వదిలేయకుండా వెంటపడితే దొరికింది ఫాస్ఫోక్రియాటిన్. అది 1927. అంతకుముందు అందరూ దాన్ని మామూలు ఫాస్ఫేటుగానే లెక్కవేసుకున్నారు, ఎందుకంటే ఆమ్లం తగిలితే అది విరిగి ఫాస్ఫేటుగానే మారిపోతుంది. 1929లో ఏటీపీని కూడా వేరుచేశారు. అదే సమయంలో లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. ఇవన్నీ కండను చంపి, నూరి, ఆమ్లంలో వేసి చేసిన పనులు. పెళుసైన అణువును విరగ్గొట్టకుండా చూసే దారి అప్పటికి లేదు.

ఆ దారిని ఎన్‌ఎంఆర్ తెరిచింది. ప్రకృతిలో దొరికే భాస్వరమంతా ఒకే రకం, మొత్తం ఎన్‌ఎంఆర్‌కు పనికొస్తుంది. కార్బన్‌లో పనికొచ్చే రకం నూటికి ఒక్క పాలే. ఏటీపీలోని మూడు భాస్వరాలూ మూడు చోట్ల పీకులిస్తాయని మిల్డ్రెడ్ కోన్ 1960లో చూపించారు. వెంటనే ఆమె లోహాల సంగతి తీసుకున్నారు. మెగ్నీషియం ఏటీపీని పట్టుకుంటే నడిమి భాస్వరం, అంటే బీటా, రెండు పీపీఎంలకు పైగా జరుగుతుంది. కణాల్లో ఏటీపీ ఎక్కువగా మెగ్నీషియంతో జతకట్టే ఉంటుంది, ఎంజైములు పట్టుకునేదీ ఆ జతనే. బోరునీటి చెరువుల్లో మెగ్నీషియం తక్కువైతే రొయ్య నీరసిస్తుందని, పొర సరిగ్గా విడవదని నెల్లూరు రైతులు మినరల్స్ చల్లుతారు. రొయ్య ఒంట్లో ఆ మెగ్నీషియానికి ఉన్న పనుల్లో ఏటీపీతో ఇలా జతకట్టడం ఒకటి.

1974లో ఆక్స్‌ఫర్డ్ బృందం ఎలుక కాలి కండను అప్పుడే కోసి, నూరకుండా, అయస్కాంతంలో పెట్టింది. సుబ్బారావు రంగు పరీక్షతో వెంటపడిన అవే అణువులు, ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ, విడిగా ఉన్న ఫాస్ఫేటు, పక్కపక్కన పీకులుగా కనిపించాయి. ఏటీపీ పీకుల చోటును బట్టి అది మెగ్నీషియంతో కలిసి ఉందని, ఫాస్ఫేటు పీకు చోటును బట్టి కండ ఎంత ఆమ్లంగా ఉందో కూడా తెలిసిపోయింది. భీమవరం అబ్బాయి కొలిచినదాన్ని అర శతాబ్దం తరువాత నూరకుండా చూడగలిగారు.

నాగేశ్వరరావు ఇంకో అడుగు లోపలికి వెళ్లారు. అలీగఢ్‌లో పుచ్చా వెంకటేశ్వర్లుతో ఎన్‌ఎంఆర్ వర్ణపటాల మీద పనిచేసి, ఐఐటీ కాన్పూరు మీదుగా అమెరికా వెళ్లి, కోన్‌తో కలిసి పనిచేసి, ఆ తరువాత ఇండియానాపొలిస్‌లో స్థిరపడ్డారు. ఆయన అడిగిన ప్రశ్న ఇది: ఎంజైమ్ చేతిలో ఉన్నప్పుడు అణువులు ఎలా ఉంటాయి? మామూలు ప్రయోగాల్లో ఎంజైమ్ చిటికెడు, దాని ఆహారం బోలెడు. అప్పుడు కనిపించేదంతా బయట ఈదుతున్న అణువులే. ఆయన ఎంజైమ్‌ను అణువులకు సరిసమానంగా, ఇంకా ఎక్కువగా తీసుకున్నారు. అప్పుడు దాదాపు ప్రతి అణువూ ఎంజైమ్ పట్టులోనే ఉంటుంది. అందుకు శుద్ధమైన ఎంజైమ్ చాలా ఎక్కువగా కావాలి. లాబ్‌స్టర్ కండ, కుందేలు కండ పనికొచ్చింది ఇక్కడే.

తేలిన ఫలితం రసాయన శాస్త్రవేత్తలను ఆశ్చర్యపరిచింది. బయట ద్రావణంలో ఈ చర్యలు ఒక వైపుకు బాగా మొగ్గుతాయి. ఎంజైమ్ పట్టులో మాత్రం ఆ మొగ్గు దాదాపు పోతుంది, చర్యకు ముందున్నవీ తరువాతవీ ఇంచుమించు సమాన పాళ్లలో ఉంటాయి. ఆర్జినిన్ కైనేజ్, క్రియాటిన్ కైనేజ్ రెండింట్లోనూ ఇదే వరస. నాకు దీనిలో గొప్పగా కనిపించేది, ఈ మాట ఇంకే పద్ధతీ ఇంత నేరుగా చెప్పలేకపోయింది. రంగు పరీక్ష అయితే ఎంజైమ్ విడిచిపెట్టాక మిగిలినదాన్ని లెక్కవేస్తుంది. ఎన్‌ఎంఆర్ ఆ పిడికిలి మూసి ఉండగానే లెక్క చెప్పింది.

దూరాలు కొలవడం మరో కథ. పక్కపక్కన ఉన్న రెండు హైడ్రోజన్లలో ఒకదాన్ని రేడియో తరంగంతో కదిలిస్తే ఇంకొకదాని పీకు పెరుగుతుంది లేదా తరుగుతుంది. దీన్ని ఓవర్‌హౌసర్ ప్రభావం అంటారు. దూరం రెట్టింపైతే ఈ ప్రభావం అరవై నాలుగో వంతుకి పడిపోతుంది కాబట్టి సుమారు ఐదు ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే సెంటీమీటరులో రెండు కోట్లో వంతు, దాటితే కనిపించదు. అంత దగ్గరగా ఉంటేనే తెలుస్తుంది, అందుకే ఆ సాక్ష్యానికి అంత విలువ. పి. బలరాం 1972లో అమెరికాలో బోత్నర్-బై దగ్గర పనిచేస్తూ, చిన్న పెప్టైడ్ ఒకటి పెద్ద ప్రోటీన్‌ను తాకి బయటపడినా, ప్రోటీన్ మీద ఉన్నప్పటి ఓవర్‌హౌసర్ గుర్తును వెంట తెచ్చుకుంటుందని చూపించారు. ఉప్పుటేరులో దిగి వచ్చినవాడి పంచె అంచు తడిసి ఉన్నట్టు. 1980లో బెంగళూరు అనిల్ కుమార్, జ్యూరిచ్‌లో ఎర్నెస్ట్, వ్యూత్రిక్‌లతో కలిసి ప్రోటీన్‌లోని ఇలాంటి దగ్గరితనాలన్నిటినీ ఒకే పటం మీద పరిచే ద్విమితీయ ప్రయోగం ప్రచురించారు. ఎర్నెస్ట్‌కు 1991లో, వ్యూత్రిక్‌కు 2002లో నోబెల్ వచ్చింది. ప్రోటీన్ ఎన్‌ఎంఆర్ అంటూ ఇవాళ ఉన్నదానికి ఆ ప్రయోగం నడుము లాంటిది.

1999లో మేయర్, మేయర్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు ఈ తడి పంచె ఉపాయాన్ని వడపోతగా మార్చారు. ప్రోటీన్‌ను మాత్రమే రేడియో తరంగంతో ముంచెత్తుతారు. దాన్ని తాకి వచ్చిన అణువుల పీకులు తగ్గుతాయి, తాకనివి అలాగే ఉంటాయి. ప్రోటీన్ కొంచెం చాలు, అణువులు దానికి వంద రెట్లు ఉన్నా సరే. ఏ హైడ్రోజన్ పీకు ఎక్కువ తగ్గిందో చూస్తే అణువు ఏ వైపు నుంచి ఒరిగిందో కూడా తెలుస్తుంది. అయితే ఆ తగ్గుదలను అంకెలుగా నమ్మాలంటే ప్రోటీన్ లోపల ఆ ముంపు ఎలా పాకుతుందో, అణువు ఎంతసేపు నిలుస్తుందో అంతా లెక్కలోకి రావాలి. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఎన్. రామకృష్ణ, వి. జయలక్ష్మి ఆ పూర్తి గణితాన్ని 2002లో అందించారు. మెరుపులేని పని. అది లేకపోతే ఈ పద్ధతిలో సగం ఫలితాలు ఊహలుగానే మిగిలిపోయేవి.

బలహీనమైన తాకిడికి మందుల తయారీలో విలువ తెచ్చింది 1996 నాటి అబాట్ కంపెనీ పత్రం. స్టీఫెన్ ఫెసిక్ బృందం ఒక ప్రోటీన్‌లోని ప్రతి నైట్రోజన్–హైడ్రోజన్ జతనూ పటం మీద ఒక్కో చుక్కగా తెప్పించి, చిన్నచిన్న అణువులు కలుపుతూ ఏ చుక్కలు కదులుతున్నాయో చూసింది. ఒక అణువు ఒక గుంటలో పడింది, పట్టు 2 మైక్రోమోలార్ (ఈ అంకె ఎంత చిన్నదైతే పట్టు అంత గట్టిది). ఇంకోటి పక్క గుంటలో, పట్టు 100 మైక్రోమోలార్, అంటే మరీ నాసి. రెండింటినీ ఒక గొలుసుతో కలిపితే కొత్త అణువు పట్టు 19 నానోమోలార్‌కు చేరింది, బలమైనదాని కంటే నూరు రెట్లు. రక్త క్యాన్సర్ మందు వెనెటోక్లాక్స్ వంశం ఇదే దారిలో మొదలైంది. 2016లో అమెరికాలో అనుమతి పొందిన ఆ మందు మూలాలు బీసీఎల్ ప్రోటీన్ల మీద ఫెసిక్ బృందం చేసిన ఇలాంటి వెతుకులాటలోనే ఉన్నాయి. దానికి ఇరవై ఏళ్లు పట్టింది. తాకిడి దొరికిన రోజు నుంచి మందు చేతికొచ్చే రోజు వరకు ఎంత దూరమో ఆ ఇరవై ఏళ్లే చెబుతాయి.

హైదరాబాదులో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన ఎన్‌ఎంఆర్ బృందం చుక్కలు కదలడం చూసే ఇదే పద్ధతిలో మొక్కల డీఆర్‌బీ4 అనే ప్రోటీన్ రెండు పేటల ఆర్‌ఎన్‌ఏను ఏ భాగంతో పట్టుకుంటుందో తేల్చి 2017లో ప్రచురించింది. గోపనపల్లిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ప్రాంగణంలో ఘనస్థితి ఎన్‌ఎంఆర్ పని జరుగుతోంది. కరగని పదార్థాల్లోని తాకిళ్లకు అది దారి.

ఇప్పుడు 2021 మే నెలకు వస్తాను. ఆ నెలలో తెలుగువాళ్లందరి నోటా కృష్ణపట్నం పేరు నలిగింది. కోవిడ్ రెండో ఉప్పెనలో ఆక్సిజన్ దొరక్క మనుషులు రాలిపోతుంటే, ఆ ఊరి ఆనందయ్య ఇచ్చే మూలికల మందు కోసం కృష్ణపట్నానికి జనం వేలల్లో వచ్చారు. పంపిణీ ఆగింది, పరీక్షలన్నారు, మే 31న కంటిచుక్కలు తప్ప మిగతావాటికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఆ క్యూల్లో నిలబడ్డవాళ్ల భయాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదని నా నమ్మకం. ఇంట్లో మనిషి ఎగశ్వాస తీస్తుంటే ఎవరైనా ఏ దారికైనా పరుగెత్తుతారు. అప్పుడు ఊరూరా అడిగింది, ఈ మందు పనిచేస్తుందా అని. అందులో నల్ల జీలకర్ర, తేనె, వేప ఇగురు, మారేడు ఇగురు వంటివి ఉన్నాయి. ఒక్కో మూలికలో వందల కొద్దీ అణువులు. వాటిలో ఏదైనా వైరస్ ప్రోటీన్‌ను తాకుతుందా అన్న ప్రశ్నకు ఎన్‌ఎంఆర్ నిజంగానే జవాబు చెప్పగలదు. ఆ ఏళ్లలోనే ఫ్రాంక్‌ఫర్ట్‌లో హారల్డ్ ష్వాల్బే నడిపిన అంతర్జాతీయ ఎన్‌ఎంఆర్ కూటమి కోవిడ్ వైరస్ ప్రోటీన్లను, ఆర్‌ఎన్‌ఏను తయారుచేసి, వాటి మీద చిన్న అణువులను పరీక్షించి, ఎన్నో తాకిళ్లను నమోదు చేసింది.

ఆ తాకిళ్లలో ఒక్కటీ తనంత తానుగా మందు కాదు. కషాయమైతే ఇబ్బంది ఇంకా ఎక్కువ. మొక్కల్లోని వగరు పదార్థాలు చాలావరకు ప్రోటీన్ ఏదైనా సరే అంటుకుంటాయి. పసుపులోని కర్క్యుమిన్ దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. ప్రయోగశాల గాజు గొట్టంలో అది లెక్కలేనన్ని ప్రోటీన్లను తాకినట్టు కనిపించింది. 2017లో రసాయన శాస్త్రవేత్తలు దాని సాహిత్యమంతా తిరగేసి, 120కి పైగా క్లినికల్ పరీక్షలు జరిగినా, ఎవరికి ఏది ఇచ్చారో తెలియకుండా చేసే పటిష్ఠమైన పరీక్షలో ఒక్కటీ గెలవలేదని రాశారు. ఇలాంటి వేషాలను పట్టుకోవడానికి కూడా ఎన్‌ఎంఆర్‌నే వాడుకున్నారు. కనిపించిన ప్రోటీన్‌కల్లా రసాయనికంగా అతుక్కునే అణువులను గుర్తించి పక్కన పెట్టే పరీక్షను అబాట్ బృందమే 2005లో తెచ్చింది.

ఉత్తుత్తి తాకిడి మూలికల దగ్గరే ఉందనుకుంటే పొరపాటు. నాగేశ్వరరావు బృందానికే అది ఎదురైంది. కైనేజ్‌ల మీద ఏటీపీ ఏ భంగిమలో కూర్చుందో ఓవర్‌హౌసర్ పద్ధతిలో కొలుస్తుంటే అంకెలు పొంతన కుదరలేదు. 1993లో మురళి, జరోరీలతో కలిసి ఆయన కారణం తేల్చారు. ప్రయోగానికి వీలుగా అణువులను ఎక్కువ గాఢతలో కలిపినప్పుడు, అసలు గుంటలో కూర్చున్నవి కాక, ఎంజైమ్ ఒంటి మీద ఎక్కడపడితే అక్కడ అంటుకున్నవీ సంకేతం ఇస్తున్నాయి. గాఢత బాగా తగ్గిస్తే ఆ అంటుకున్నవి రాలిపోయి, అసలు భంగిమ మిగిలింది. అప్పుడు వేరువేరు కైనేజ్‌ల మీద ఏటీపీ ఇంచుమించు ఒకే తీరుగా కూర్చున్నట్టు తేలింది. పద్ధతిలోని దోషాన్ని దాచకుండా పత్రం పేరులోనే చెప్పుకున్న ఆ నిజాయితీ నాకు ఆ అంకెలకన్నా విలువైనదిగా తోస్తుంది. తాకిడి చూపించే ప్రతి పత్రాన్ని ఇప్పుడు నేను ఒకే ప్రశ్నతో చదువుతాను: గాఢత తగ్గించి చూశారా?

మందు సంగతి ఎన్‌ఎంఆర్ ఎంతవరకు చెప్పగలదో, ఎక్కడ ఆగాలో ఇప్పుడు చెప్పడం తేలిక. కషాయంలో ఏమేం ఉన్నాయో చెప్పగలదు. తేనె కల్తీ పట్టడానికి 2020 ఆగస్టు నుంచి మన దేశం అమెరికాకు ఎగుమతయ్యే తేనెకు ఎన్‌ఎంఆర్ పరీక్షను తప్పనిసరి చేసింది కూడా ఇందుకే. ఏ అణువు ఏ ప్రోటీన్‌ను ఎంత గట్టిగా పట్టిందో చెప్పగలదు. ఒంట్లోకి వెళ్లాక ఆ అణువు అక్కడిదాకా చేరిందా, కాలేయం దాటిందా, మనిషి కోలుకున్నాడా అన్నది రోగులను లెక్కబెట్టి చేసే పరీక్ష చెప్పాలి. దానికి అడ్డదారి లేదు.

పరికరం పరిమితులు కూడా తక్కువేం కావు. 600 మెగాహెర్ట్జ్ అయస్కాంతంలో కూడా లక్ష హైడ్రోజన్లకు ఐదింటి తేడానే సంకేతంగా మిగులుతుంది, మిగతావి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందుకే నమూనా చిక్కగా ఉండాలి, చిక్కగా ఉంటే ఉత్తుత్తి తాకిళ్లు పెరుగుతాయి. ఈ పీట ముడి నుంచి పూర్తిగా బయటపడ్డవాళ్లు లేరు. అయస్కాంతాన్ని మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో ఉంచాలి. దిగుమతి హీలియం ధర పెరిగినప్పుడల్లా మన విశ్వవిద్యాలయాల గుండె జారుతుంది. ప్రోటీన్ పెద్దదైతే పీకులు పరుచుకుపోతాయి. 1997లో వ్యూత్రిక్ బృందం తెచ్చిన ట్రోసీ పద్ధతి ఆ హద్దును కొంత దూరం జరిపింది. ఇప్పుడు ఆల్ఫాఫోల్డ్ వంటివి ప్రోటీన్, మందు కలిసిన ఆకారాన్ని కంప్యూటరులో ఊహిస్తున్నాయి కదా, ఇక ఎన్‌ఎంఆర్ ఎందుకని అడిగేవాళ్లున్నారు. ఊహించిన ఆకారం కూర్చున్న భంగిమను చూపుతుంది. ఎంతసేపు కూర్చుంటుందో, ఎన్నిసార్లు లేస్తుందో చూపదు. జీవంలో ఆ లెక్కే ముఖ్యమని నేననుకుంటాను.

అన్ని కొలతలకూ ఖరీదైన అయస్కాంతాలే అక్కర్లేదు. బల్ల మీద పెట్టుకునే చిన్న ఎన్‌ఎంఆర్ యంత్రాలు వంటనూనె పరిశ్రమలో ప్రపంచమంతటా ఎప్పటినుంచో ఉన్నాయి. పామాయిల్‌లో ఎంత భాగం గడ్డకట్టింది, ఎంత జారుగా ఉంది అన్నది అణువులు ఎంత బిగువుగా పేర్చుకున్నాయో దాని మీద ఉంటుంది. ఆ బిగువును సంకేతం ఎంత త్వరగా ఆరిపోతుందో చూసి కొలుస్తారు. కృష్ణపట్నం రేవులో దిగి చుట్టుపక్కల కర్మాగారాల్లో శుద్ధయ్యే నూనె ఈ కొలతకు సరిగ్గా తగిన సరుకు. రొయ్యకూ ఇదే యంత్రం సరిపోతుంది. మామూలు నీటి సంకేతం ఆరడానికి సెకన్లు పడితే, కండ నారల మధ్య చిక్కిన నీటి సంకేతం సెకనులో వందో వంతుల్లోనే ఆరిపోతుంది. ఐసు గడ్డలో పెట్టి కరిగించాక నారలు విడిచిన నీరు ఎంత, బరువు నిలవడానికి ఫాస్ఫేటు నీళ్లలో నానబెట్టినప్పుడు పట్టిన నీరు ఎంత, రెండూ కొలవవచ్చు. ముత్తుకూరులో 1991 నుంచి మత్స్య శాస్త్ర కళాశాల ఉంది. నెల్లూరు తీరమంతా రొయ్య మీద బతుకుతోంది. ఈ కొలతలు ఈ తీరపు పిల్లలే ఇక్కడే చేయాలని నా కోరిక.

పట్టుబడి అయిపోయాక రొయ్యలను గంపల్లోంచి ఐసు నీళ్లలోకి దించుతారు. తోకల కదలిక మెల్లగా ఆగిపోతుంది. ఆ కండను అప్పుడు భాస్వరపు ఎన్‌ఎంఆర్‌లో చూస్తే ముందు ఫాస్ఫోఅర్జినిన్ పీకు కుంగుతుంది. అది ఉన్నంతసేపూ ఆర్జినిన్ కైనేజ్ దాని భాస్వరాన్ని తెచ్చి ఏటీపీని నిలబెడుతూనే ఉంటుంది. అది అడుగంటాక ఏటీపీ పీకులు మూడూ పడిపోతాయి, విడి ఫాస్ఫేటు పీకు ఎత్తుగా లేస్తుంది, కండ పులిసే కొద్దీ ఆ పీకు పక్కకి జరుగుతూ ఉంటుంది. ఆపైన ఏటీపీ తునకలు ఒక్కో మెట్టే దిగి హైపోజాంథిన్ దాకా వస్తాయి. రొయ్య ఎంత తాజాదో ఆ మెట్లను బట్టే చెబుతారు. గట్టు మీద లారీ డ్రైవరు ఐసు సరిపోయిందా అని అడుగుతుంటాడు, ఇంకో రెండు గడ్డలు వేయమని లోపలి నుంచి ఎవరో కేకేస్తారు.